ఇంట్లో బుల్లి సముద్రం!
గోపాలపురం పక్కనే ఉన్నా.. నీళ్లు తెచ్చి పోస్తే సరిపోదు

బరంపురం:
బరంపురం నుంచి గోపాలపురం తీరం 16 కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రమైతే చాలు, పిల్లాపాపలతో జనం అటే దారి తీస్తారు. తిరిగొచ్చేటప్పుడు పిల్లల చేతిలో గవ్వలతో పాటు ఒక్కోసారి సీసాడు సముద్రం నీళ్లు, అందులో ఓ చిన్న పీతో, చేప పిల్లో ఉంటుంది. మర్నాటికి నీళ్లు కంపు కొడతాయి. పీత కదలదు. 'సముద్రం నీళ్లే కదా పోశాం, ఎందుకు చచ్చిపోయింది?' అని పిల్లలు అడిగితే పెద్దవాళ్ల దగ్గర సమాధానం ఉండదు.

ఆ సమాధానం తెలిస్తే ఇంట్లో ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టడం సగం వచ్చినట్టే. రంగు చేపలంటే గోల్డ్ ఫిష్, గప్పీ, ఏంజెల్ దగ్గరే ఆగిపోయినవాళ్లు చాలామంది. 2003లో 'ఫైండింగ్ నీమో' బొమ్మల సినిమా వచ్చాక తెల్ల చారల నారింజ రంగు చేప పిల్లలందరికీ తెలిసిపోయింది. అది కావాలని మారాం చేసే పిల్లలూ, ముచ్చటపడే పెద్దలూ మన బరంపురం, ఛత్రపురం, గోపాలపురంలలోనూ ఉన్నారు. సముద్రం పక్కనే ఉండటం మనకో వరమే. అయితే ఆ వరాన్ని ఎలా వాడుకోవాలో తెలియకపోతే డబ్బులూ పోతాయి, మూగజీవాల ప్రాణాలూ పోతాయి.

మంచినీళ్ల తొట్టె వేరు.. ఇది వేరు

ఏరుల్లో, చెరువుల్లో చేపలకు మార్పులు అలవాటే. వాన వస్తే నీరు చల్లబడుతుంది, ఎండ కాస్తే వేడెక్కుతుంది, వరదొస్తే బురద. నడిసంద్రంలో అలా కాదు. ఉప్పు, వేడి, గాఢత ఏళ్ల తరబడి దాదాపు ఒకేలా ఉంటాయి. అక్కడ పుట్టిన చేపకు మార్పు తట్టుకునే అలవాటు తక్కువ.

పైగా ఉప్పునీళ్లలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 25 డిగ్రీల వేడి దగ్గర లీటరు మంచినీళ్లలో 8 మిల్లీగ్రాముల పైచిలుకు కరిగితే, సముద్రపు నీళ్లలో 7 మిల్లీగ్రాముల లోపే. వేడి పెరిగిన కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. మరో చిక్కు అమ్మోనియా. చేప విసర్జించే ఈ విషం, సముద్రపు నీటిలాంటి క్షార గుణం ఉన్న నీళ్లలో మరింత ప్రమాదకరంగా మారుతుంది. సీసాలో పీత చచ్చిపోయింది అందుకే. గాలి అందలేదు, విషం పోయే దారి లేదు.

అంటే ఉప్పునీళ్ల అక్వేరియంలో మనం పెంచేది ముందుగా నీళ్లను. నీళ్లు బాగుంటే చేపలు వాటంతట అవే బతుకుతాయి.

లండన్ నుంచి మద్రాసు దాకా

ఈ సరదా ఇప్పటిది కాదు. 1846లో లండన్‌లో అన్నా థిన్ అనే ఇల్లాలు సముద్రం నుంచి పగడపు జీవులను తెచ్చి ఇంట్లో బతికించింది. అప్పటికి కరెంటు లేదు, గాలి మోటార్లు లేవు. కిటికీ దగ్గర నిలబడి నీళ్లను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పదే పదే ఎత్తి పోయించేది. ఆ పని చేసింది వాళ్లింటి పనమ్మాయి. నీళ్లలో గాలి కలవడానికి అదే ఉపాయం. 1853లో లండన్ జంతుశాలలో జనం చూడటానికి చేపల శాల తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ గాస్ రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అన్న మాట ఇంటింటికీ చేరింది.

మన దేశంలో 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున సముద్రపు చేపల ప్రదర్శనశాల తెరిచారు. అప్పటికి గంజాం జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యాకే బరంపురం ఇటు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ ప్రదర్శనశాల మూతపడింది. తర్వాత 1951లో బొంబాయిలో తారాపోర్‌వాలా అక్వేరియం వచ్చింది. విశాఖ రామకృష్ణా బీచ్‌లోని మత్స్యదర్శిని మన ప్రాంతం వాళ్లకు బాగా తెలిసినదే.

ఎంత తొట్టె కావాలి?

కొత్తవాళ్లు చిన్న తొట్టెతో మొదలుపెడదామనుకుంటారు. ఖర్చు తక్కువని, పని తక్కువని. నిజానికి తొట్టె చిన్నదయ్యే కొద్దీ కష్టం పెరుగుతుంది. పది లీటర్ల నీళ్లలో ఒక రొయ్య ముక్క కుళ్లితే అన్నీ పోతాయి. వంద లీటర్లలో అదే ముక్క కుళ్లినా సర్దుకునే వ్యవధి ఉంటుంది.

2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 70 లీటర్లు పడతాయి. మొదటిసారికి ఇంతకన్నా చిన్నది వద్దు. చోటు, డబ్బు ఉంటే 3 అడుగులది మేలు. 70 లీటర్లంటే నీళ్ల బరువే 70 కిలోలు. గాజు, ఇసుక, రాళ్లు కలిపితే క్వింటాలు దాటుతుంది. టీవీ బల్ల మీద, ప్లాస్టిక్ స్టూలు మీద పెడితే అంతే సంగతులు. గట్టి చెక్క బల్లో, సిమెంటు దిమ్మో చూసుకోవాలి. కింద థర్మోకోల్ షీటు వేస్తే గాజు పగలకుండా ఉంటుంది.

అద్దాల కొట్లో చెప్పి చేయించుకునేవాళ్లు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అతికించే సిలికాన్‌లో బూజు మందు కలిపిన రకాలుంటాయి. అవి స్నానాల గదులకు తప్ప చేపలకు పనికిరావు. తొట్టె మీద, లోపల ఇనుము ముక్క అనేది ఉండకూడదు. గోపాలపురం గాలికి కిటికీ ఊచలు ఎలా తుప్పు పడతాయో మనకు తెలియంది కాదు.

కిటికీ పక్కన ఎండ పడేచోట పెట్టొద్దు. నాచు పట్టేస్తుంది, నీళ్లు కాగుతాయి.

హుమ్మ ఉప్పు వేస్తే చాలదా?

చాలామందికి వచ్చే మొదటి ఆలోచన ఇదే. మన గంజాం జిల్లాలో హుమ్మ, సుమాడి ఉప్పు మడులు ఎప్పటినుంచో ఉన్నవే. అటు శ్రీకాకుళం జిల్లాలో నౌపడ ఉప్పు ఉంది. సముద్రం నీళ్లను ఎండబెడితే వచ్చిన ఉప్పే కదా, దాన్నే తిరిగి మంచినీళ్లలో కలిపితే సముద్రం నీళ్లు కావా?

కావు. కారణం ఆ మడుల్లోనే ఉంది. నీళ్లు ఎండుతుంటే ముందుగా సున్నం, తర్వాత జిప్సం అడుక్కి దిగుతాయి. ఆ తర్వాతే ఉప్పు గడ్డ కడుతుంది. మిగిలిన చేదు నీళ్లలో మెగ్నీషియం, పొటాషియం ఉండిపోతాయి. ఉప్పు పండించేవాళ్లు ఆ చేదు నీళ్లను బయటికి వదిలేస్తారు. అంటే మన చేతికొచ్చే ఉప్పులో మిగిలేది దాదాపు సోడియం క్లోరైడు ఒక్కటే.

అసలు సముద్రం కిలో నీళ్లలో 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో క్లోరైడు 19 గ్రాములు, సోడియం దాదాపు 11 గ్రాములు, సల్ఫేటు 2.7, మెగ్నీషియం 1.3, కాల్షియం, పొటాషియం చెరో 0.4 గ్రాములు. ఈ చివరివి కొంచెమే అయినా అవి లేకపోతే చేప ఒంట్లో నీటి లెక్క తప్పుతుంది, రొయ్య పెంకు గట్టిపడదు. వంటింటి ఉప్పు ఆ లెక్క పూర్తిచేయలేదు. ఇక అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పు సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే అక్వేరియం దుకాణాల్లో 'సింథటిక్ సీ సాల్ట్' పేరుతో అమ్మే ఉప్పే వాడాలి. చిన్న ఊళ్లలో దొరక్కపోతే తెప్పించుకోవచ్చు. లీటరుకు 35 నుంచి 38 గ్రాములు, అంటే 60 లీటర్ల నీళ్లకు 2 కిలోల పైచిలుకు పడుతుంది. బోరు నీళ్లు కాకుండా ఆర్వో నీళ్లలో కలపాలి. తొట్టెలో చేపలుండగా ఉప్పు నేరుగా గుమ్మరించకూడదు. బకెట్‌లో కలిపి, గాలి మోటారు పెట్టి, ఒక రోజు ఆగి పోయాలి.

ఉప్పు సరిపోయిందో లేదో నాలుకతో చూసేది కాదు. హైడ్రోమీటర్ అనే చిన్న గాజు పరికరం నీళ్లలో తేలుతూ గాఢత చెబుతుంది. 1.023 నుంచి 1.026 మధ్య ఉంటే సరే. రిఫ్రాక్టోమీటర్ కొంటే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది.

సముద్రం నీళ్లే తెస్తే?

తేవచ్చు. బరంపురం వాళ్లకు కలిసొచ్చే అంశమే ఇది. అయితే ఎప్పుడు తెస్తున్నామన్నదే అసలు కథ.

బంగాళాఖాతం మిగతా సముద్రాల్లాంటిది కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది వానాకాలంలో తెచ్చి పోసే మంచినీళ్లతో పైపొర పలచబడుతుంది. అక్టోబరు తర్వాత తీరం వెంబడి నీటి ఒరవడి దక్షిణం వైపు తిరిగి ఆ పలచని నీళ్లను మన మీదుగానే తీసుకుపోతుంది. దీనికి తోడు మన ఋషికుల్య వరద. అందుకే ఆగస్టు నుంచి నవంబరు దాకా ఇక్కడి ఒడ్డు నీళ్లలో ఉప్పు 30 గ్రాముల లోపుకి పడిపోతుంది. బురదా ఎక్కువే. ఫిబ్రవరి నుంచి మే దాకా నీరు తేటగా, ఉప్పగా ఉంటుంది. నీళ్లు తెచ్చుకోవాలంటే అదే అదను.

వేసవి మొదట్లో ఒక్కోసారి ఒడ్డు నీళ్లు పచ్చగానో, గోధుమ రంగుగానో మారి జిగురుగా ఉంటాయి. కంటికి కనిపించని నాచు విపరీతంగా పెరగడమే కారణం. ఆ రోజుల్లో తేవద్దు. నదీ ముఖం దగ్గర, ఊరి మురుగు కలిసేచోట, పడవలకు డీజిల్ పోసేచోట, ఓడరేవు పక్కన అసలే వద్దు.

పాటు మీద కాదు, పోటు మీద పట్టుకోవాలి. పోటు నిండుగా ఉన్నప్పుడు లోపలి తేట నీరు ఒడ్డుకు వస్తుంది. ఈ లెక్క పుస్తకాల కన్నా గోపాలపురం గంగపుత్రులకు బాగా తెలుసు. ఒడియా వాళ్లు 'నోళియా' అని పిలిచే ఈ వాడబలిజ, జాలారి కుటుంబాలు ఇంట్లో మాట్లాడేది తెలుగే. వేటకు వెళ్లొచ్చేవాళ్లను అడిగితే అలల అవతలి నీళ్లు డబ్బాల్లో తెచ్చిపెట్టొచ్చు. అడిగేటప్పుడు వాళ్ల కూలికి తగ్గ డబ్బు ఇవ్వడం మర్యాద. వేట విరామం రోజుల్లో, తాబేళ్ల కోసం ఆంక్షలున్న చోట పడవ వేయమని బలవంతపెట్టకూడదు.

తెచ్చిన నీళ్లను 20 లీటర్ల మంచినీళ్ల డబ్బాల్లో పోసి, గుడ్డతో వడకట్టి, మూత పెట్టి రెండు వారాలు చీకటి గదిలో ఉంచాలి. అందులోని సూక్ష్మజీవులు చనిపోయి అడుక్కి దిగుతాయి. పై తేట మాత్రం తీసి, ఒక రోజు గాలి మోటారు పెట్టి, గాఢత కొలిచి వాడుకోవాలి. రొయ్య పిల్లల హేచరీల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా మీ వీధిలో ఉంటే ఈ శుద్ధి గురించి వాళ్లనడగండి. 1980ల చివర్లోనే గోపాలపురంలో ఎంపెడా ఆధ్వర్యంలో 'ఓస్పార్క్' రొయ్య పిల్లల కేంద్రం వచ్చింది. ఉప్పునీళ్లను శుభ్రం చేసి వాడుకోవడం ఈ తీరానికి కొత్త విద్య కాదు.

బీచ్ ఇసుక వద్దు

'ఇసుకకేం, కావాల్సినంత ఉంది కదా' అనుకుంటే పొరపాటే. మన తీరం ఇసుక మామూలుది కాదు. ఛత్రపురంలోని ఐఆర్ఈఎల్ వారి ఒడిశా శాండ్ కాంప్లెక్స్ ఉన్నదే ఆ ఇసుక కోసం. ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్ లాంటి బరువు ఖనిజాలు ఇందులో ఉన్నాయి. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. దేశానికి విలువైన సరుకే కానీ చేపల తొట్టెకు కాదు.

ఉప్పునీళ్ల తొట్టెకు కావాల్సింది సున్నపు గుణమున్న ఇసుక. నీళ్లు పులుపెక్కకుండా అది కాస్త ఆపుతుంది. దుకాణాల్లో దొరికే అరగొనైట్ ఇసుక మంచిది. లేదంటే తిన్నాక పారేసే ఆలిచిప్పలను బాగా ఉడికించి, ఎండబెట్టి, నలగ్గొట్టి వాడుకోవచ్చు. అంగుళం మందం చాలు.

రాళ్ల విషయంలో మరింత జాగ్రత్త. విదేశాల్లో పగడపు దిబ్బల నుంచి తీసిన 'లైవ్ రాక్' వేస్తారు. మన దగ్గర అది నేరం. దాని బదులు చిల్లులున్న సెరామిక్ రాళ్లు, సున్నపురాయి ముక్కలు పేర్చుకోవచ్చు. రాళ్ల సందుల్లో చేపలు దాక్కుంటాయి, మేలు చేసే సూక్ష్మజీవులు కాపురం పెడతాయి.

నలభై రోజుల ఓర్పు

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. ఆదివారం తొట్టె కొని, సోమవారం చేపలు వేసి, శుక్రవారానికి ఖాళీ చేస్తారు.

చేప విసర్జనల నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. ఇంకో రకం జీవులు నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. అది అంత ప్రమాదం కాదు, నీళ్లు మార్చి తగ్గించుకోవచ్చు. ఈ రెండు రకాల జీవులు రాళ్ల మీద, ఇసుకలో, ఫిల్టర్ స్పాంజిలో పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మందులు పోసినా, మొక్కులు మొక్కినా ఈ గడువు పెద్దగా తగ్గదు.

చేయాల్సిందల్లా నీళ్లు పోసి, ఫిల్టర్, గాలి మోటారు, నీటిని కదిలించే చిన్న పంపు ఆడించి, ఒక చిన్న పచ్చి రొయ్య ముక్క వేయడమే. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది. పరీక్ష కిట్‌తో రెండు రోజులకోసారి చూసి పుస్తకంలో రాసుకోవాలి. ముందు అమ్మోనియా పెరిగి తగ్గుతుంది. తర్వాత నైట్రైటు పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నాకు వచ్చి, నైట్రేటు కనిపిస్తే తొట్టె సిద్ధమైనట్టు. పిల్లలకు ఈ పని అప్పజెప్పండి. సైన్సు పుస్తకంలో చదివే నత్రజని చక్రం కళ్ల ముందే తిరుగుతుంది.

ఈ నడుమ గాజుకు గోధుమ రంగు పొర పడుతుంది. కంగారు పడక్కర్లేదు. కొత్త తొట్టెల్లో అది మామూలే, కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది.

ఏ చేప? ఎన్ని?

70 లీటర్లకు రెండు చిన్న చేపలు, మహా అయితే మూడు. ఇంకోటి వేస్తే బాగుండు అనిపిస్తుంది. వద్దు.

మొదటిసారికి క్లౌన్ ఫిష్ జత మంచిది. సముద్రంలో పట్టినది కాదు, హేచరీలో పుట్టినదే కొనాలి. కొచ్చి కేంద్రంగా ఉన్న సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రవేత్తలు విళింజం, మండపం కేంద్రాల్లో, అన్నామలై విశ్వవిద్యాలయం వాళ్లు పరంగిపేటలో క్లౌన్ చేపలను తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచారు. అలా పుట్టినవి తొట్టె బతుకుకు, పొడి మేతకు పుట్టుక నుంచే అలవాటు పడి ఉంటాయి. సముద్రంలో పట్టినవి దెబ్బలతో, బెదురుతో వచ్చి వారం తిరక్కుండానే పోతుంటాయి. దుకాణదారును 'ఇది ఎక్కడ పుట్టింది?' అని అడగండి. సరైన జవాబు రాకపోతే కొనకండి.

క్లౌన్ చేపలో వింత ఏమిటంటే అన్నీ మగవిగానే ఎదుగుతాయి. గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. బాగా చూసుకుంటే పదేళ్లు పైగా బతుకుతుంది. అంటే ఇప్పుడు ఆరో తరగతి చదివే పిల్లాడు డిగ్రీ పూర్తిచేసే దాకా అది ఇంట్లోనే ఉంటుంది. కొనే ముందు ఆ సంగతి ఆలోచించుకోవాలి.

దానికి సీ అనిమోన్ తోడు కావాలని దుకాణాల్లో అంటారు. అక్కర్లేదు. అనిమోన్‌ను బతికించడం కొత్తవాళ్ల వల్ల కాదు. శంఖంలో కాపురముండే చిన్న పీతలు ఒకటి రెండు ఉంటే మిగిలిన మేత తినేసి అడుగు శుభ్రం చేస్తాయి.

మరి మన ఒడ్డు చేపలు? విశాఖ రాళ్ల గుంటల్లో నల్ల చారల సార్జెంట్ చేప పిల్లలు ముద్దుగా ఉంటాయి. చిలికాలో చుక్కల స్కాట్, పెర్ల్‌స్పాట్ ఉన్నాయి. చిలికా నీరు వానాకాలంలో చప్పబడి వేసవిలో ఉప్పెక్కుతుంది కాబట్టి అక్కడి చేపలు మార్పును బాగానే ఓర్చుకుంటాయి. కానీ ఇవన్నీ జానెడు దాటి పెరిగేవి. సార్జెంట్ చేప పెద్దదయ్యాక పక్క చేపలను బతకనివ్వదు. రెండడుగుల తొట్టె వీటికి జైలే.

కొత్త చేపను తెచ్చీ తేగానే తొట్టెలో వదలొద్దు. సంచిని అరగంట నీళ్ల మీద తేలనిచ్చి, తర్వాత సన్న గొట్టంతో తొట్టె నీళ్లను గంట సేపు చుక్క చుక్కగా సంచిలోకి దించాలి. అప్పుడు వలతో చేపను మాత్రమే తీసి వదలాలి. సంచి నీళ్లు పారబోయాలి. వీలైతే రెండు మూడు వారాలు వేరే చిన్న తొట్టెలో ఉంచి చూడటం ఇంకా మంచిది. తెల్ల చుక్కల జబ్బు ఉంటే అక్కడే బయటపడుతుంది. దానికి వాడే రాగి మందు పెద్ద తొట్టెలో వేస్తే పీతలు, రొయ్యలు చనిపోతాయి.

వీటి జోలికి వెళ్లొద్దు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పులులకు, ఏనుగులకే అనుకుంటారు చాలామంది. 2001లో పగడాలు, సముద్రపు గుర్రాలు, సీ కుకుంబర్లు కూడా ఆ చట్టం రక్షణలోకి వచ్చాయి. పగడం బతికున్నదైనా, ఎండినదైనా తేకూడదు, అమ్మకూడదు, కొనకూడదు. వలలో పడి ఒడ్డుకొచ్చిన సముద్రపు గుర్రాన్ని ముచ్చటపడి ఇంటికి తెచ్చినా చిక్కే.

ఋషికుల్య మొగ దగ్గర పోడంపేట, పురుణబంధ, గోఖరకుద తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలాదిగా గుడ్లు పెడతాయి. ఇక్కడ సామూహికంగా గుడ్లు పెడుతున్న సంగతి 1994లో శాస్త్రవేత్తల దృష్టికి వచ్చింది. పిల్లలు బయటికొచ్చే రోజుల్లో దారి తప్పిన తాబేలు పిల్లను 'కాపాడదామని' బకెట్‌లో వేసి తెచ్చేవాళ్లుంటారు. అది కాపాడటం కాదు. అక్కడున్న అటవీ సిబ్బందికో, తీరం కాసే ఊరి కుర్రాళ్లకో అప్పగిస్తే చాలు.

ఇంకో మాట. పెంచలేకపోతే చేపను చిలికాలోనో, సముద్రంలోనో వదిలేయొద్దు. వేరే చోటి చేప, వేరే చోటి రోగం ఇక్కడి నీళ్లలో కలుస్తాయి. పెంచే ఇంకొకరికి ఇచ్చేయడమే పద్ధతి.

ఎండ.. కరెంటు.. తుపాను

ఈ చేపలకు 25 నుంచి 27 డిగ్రీలు హాయి. ఏప్రిల్, మే నెలల్లో బరంపురం ఇంట్లో నీళ్లు 32 దాటడం పెద్ద విషయం కాదు. తొట్టె పై మూత తీసి వల కప్పి, నీటి మీదుగా చిన్న ఫ్యాను ఆడిస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో ఆ ఉపాయం అంతగా పారదు. అప్పుడు లైటు ఆర్పి, గాలి మోటారు పెంచాలి. మూత కట్టిన సీసాలో ఐసు వేసి తేలించవచ్చు. ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు.

ఫ్యాను పెడితే నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టెలోనే ఉంటుంది. కాబట్టి తగ్గిన మేరకు రోజూ ఆర్వో మంచినీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోస్తే గాఢత పెరిగిపోతుంది. కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు ఇదే.

ఉప్పునీళ్లలో కరెంటు ఇట్టే పాకుతుంది. ప్లగ్గులు తొట్టె కన్నా ఎత్తులో ఉండాలి. వైరు కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా కట్టాలి. నీటి చుక్క ప్లగ్గులోకి పోదు. షాక్ కొడితే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. చెయ్యి పెట్టే ముందు అన్నీ ఆపేయండి.

ఇక తుపాను. గంజాం వాళ్లకు అక్టోబరు అంటేనే గుబులు. 1999 అక్టోబరులో మహా తుపానుకు ముందే ఒకటి గోపాలపురం దగ్గర తాకింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ ఇక్కడే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి ఇటు గంజాంనూ కుదిపేసింది. కరెంటు రోజుల తరబడి రాని ఇళ్లెన్నో. మోటారు ఆగితే నిండుగా చేపలున్న తొట్టె కొద్ది గంటల్లో ఊపిరాడక ఖాళీ అయిపోతుంది.

బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి, దానికి సరిపడా సెల్లులు ఇంట్లో ఉంచుకోవాలి. కరెంటు పోతే మేత పూర్తిగా ఆపేయాలి. ఆరోగ్యంగా ఉన్న చేప నాలుగైదు రోజులు తిండి లేకపోయినా ఉంటుంది. బ్యాటరీ కూడా అయిపోతే అన్నా థిన్ ఉపాయమే గతి. చెంబుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోయాలి. అరగంటకోసారి ఇంట్లో ఒకరొకరు వంతు వేసుకుంటే రాత్రి గడుస్తుంది. లండన్ పనమ్మాయి 1846లో చేసిన పనే ఇప్పటికీ చేపను బతికిస్తుంది.

వారానికి గంట చాలు

రోజూ రెండు పూటలా రెండు నిమిషాల్లో తినేంత మేత. మిగిలితే తీసేయాలి. పొడి మేతతో పాటు వారానికి రెండుసార్లు సన్నగా తరిగిన పచ్చి రొయ్య, దొరికితే ఆర్టీమియా. లైటు 8 గంటలు చాలు. రోజూ ఒకసారి వేడి, చేపల ఊపిరి చూడాలి. పైకొచ్చి గుటకలు వేస్తుంటే గాలి చాలడం లేదని అర్థం.

వారానికోసారి 7 లీటర్లు తీసి, ముందే కలిపి ఉంచిన ఉప్పునీళ్లు పోయాలి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. అందులోని మేలు జీవులు క్లోరిన్‌కు చచ్చిపోతాయి. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. చేతికి సబ్బు, దోమల మందు, కొబ్బరి నూనె ఉంటే తొట్టెలో పెట్టొద్దు. దోమల మందు కొట్టే రోజు తొట్టెకు గుడ్డ కప్పి, గాలి మోటారును వేరే గదిలోంచి ఆడించండి.

ఇంత శ్రమ ఎందుకు అనిపిస్తే ఈ సరదా వాయిదా వేసుకోవడమే మేలు. అందులో తప్పేం లేదు. పిల్లలను పోటు దిగిన వేళ గోపాలపురం ఒడ్డుకు తీసుకెళ్లి, ఇసుక గుంటల్లో పీతలను చూపించి, వాటిని అక్కడే వదిలి రావడమూ చదువే. పెట్టాలనుకుంటే మాత్రం ముందు నీళ్లు, తర్వాత ఓర్పు, ఆ తర్వాతే చేప. ఈ వరస తప్పకపోతే గాజు పలకల మధ్య ఓ గుక్కెడు సముద్రం ఏళ్ల తరబడి సజీవంగా నిలుస్తుంది.

ఏ నెలలో ఏం చేయాలి?

* అక్టోబరు: తుపాన్ల నెల. కొత్తగా మొదలుపెట్టొద్దు. ఉన్న తొట్టెకు బ్యాటరీ మోటారు సిద్ధంగా ఉంచాలి.
* నవంబరు చివర: కార్తీకం వెళ్లాక తొట్టె పెట్టుకోవచ్చు. నీళ్లు ఇంకా పలచనే కాబట్టి కొన్న ఉప్పుతోనే మొదలు. చలికాలానికి థర్మోస్టాట్ ఉన్న హీటరు అవసరం.
* డిసెంబరు: చేపల్లేకుండా ఫిల్టర్ ఆడించడం, పరీక్షలు రాసుకోవడం.
* జనవరి: సంక్రాంతి నాటికి అమ్మోనియా, నైట్రైటు సున్నా అయితే మొదటి జత చేపలు.
* ఫిబ్రవరి - మార్చి: సముద్రం నీళ్లు తెచ్చి నిల్వ చేసుకునే అదను.
* ఏప్రిల్ - జూన్: ఫ్యాను, రోజూ మంచినీళ్ల భర్తీ. కొత్త చేపలు వద్దు.
* జులై - సెప్టెంబరు: ఒడ్డు నీళ్లు పలచన. నిల్వ నీళ్లు లేదా కొన్న ఉప్పే వాడాలి.